స్వరూపక్క పేరుతో పోయిన జవాబు

నేను చెప్పిన ఒక అబద్ధం వల్ల ఒక మనిషి సొంత ఊరు వదిలేసి బతుకుతున్నాడు. అది అబద్ధమని నాకొక్కడికే తెలుసు. ఏళ్ళు గడిచాయి. నా భార్యకు కూడా చెప్పలేదు. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరాను. అంతకుముందు ప్రింటర్లు బాగుచేసే దుకాణంలో ఉండేవాణ్ణి. నాకు వచ్చిన పని అంతే. కానీ చేరే రోజున మేనేజర్ సారు, "మెయిల్ సర్వర్ పాతదైంది. కొత్తదాంట్లకు మార్చుడు వస్తదా నీకు?" అని అడిగితే, "వస్తది సార్" అన్నాను. రాదు. ఆఫీసులో అందరి మెయిళ్ళూ వచ్చి చేరే కంప్యూటరును సర్వర్ అంటారని తెలుసు, అంతే. రాదని చెబితే ఏమయ్యేది? మహా అయితే ఇంకొకరిని పిలిచేవాళ్ళు. ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

పాత సర్వర్ గోదాము వెనక గదిలో ఉండేది. విత్తనాలకు పట్టించే గులాబీరంగు మందు దుమ్ము దానిమీద పేరుకుపోయి, ముట్టుకుంటే వేళ్ళకు అంటేది. కిటికీ లేని గది. లోపల ఫ్యాను తిరిగే చప్పుడు, పడుకున్న మనిషి ఊపిరిలా వినపడేది.

నాలాంటివాళ్ళకు తెలిసినవాళ్ళు సాయం చేసే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను: నేను కొత్త, మెయిల్ సర్వర్ మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ దేశమో తెలియని ఒకాయన జవాబిచ్చాడు. విసుక్కోలేదు. ఏది ముందు, ఏది తర్వాత, అన్నీ విడమరిచి రాశాడు. చివర్లో ఒక హెచ్చరిక పెట్టాడు. సెలవు పెట్టినప్పుడు కొందరు తమకు వచ్చే మెయిళ్ళకు వాటంతటవే జవాబు పోయేలా పెట్టుకుంటారు, పాతదాంట్లో ఆపేసినవి కొత్తదాంట్లో మళ్ళీ మొదలవుతాయి, మర్చిపోకుండా ముందు అవి చూసుకో అన్నాడు. చదివాను. సగమే అర్థమైంది. మళ్ళీ అడిగితే మరీ తెలివిలేనివాడిననుకుంటాడని ఊరుకున్నాను.

ఖాతాలు ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి మారుస్తుంటే స్వరూప అనే పేరు వచ్చింది. ఈమె ఎవరని అటెండర్‌ను అడిగాను. వర్ని నుంచి రోజూ బస్సులో వచ్చి లారీల్లో సరుకు పంపే పని చూసుకునేదట. అందరూ స్వరూపక్క అనేవాళ్ళట. జ్వరం వచ్చి, నాలుగు రోజులు కూడా తిరక్కుండా పోయిందట. అప్పటికి ఏడాది దాటింది. నేను కూర్చుంటున్న కుర్చీ ఆమెదే.

కానీ ఆమెకు మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. ఎవరూ తెరవనివి, వరసగా, అన్నీ ఒక్కరి దగ్గర నుంచే. దుబాయ్‌లో పనిచేసే ఆమె తమ్ముడు గంగాధర్. చదవకూడదు. చదివాను. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. "అక్కా, ఇయ్యాల దుమ్ము లేసింది, పని బంద్ వెట్టిండ్రు." "అక్కా, నిన్ను కాల్చేటప్పటికి రాలేకపోయిన. సెలవియ్యలే." ఆమె లేదని అతనికి తెలుసు. తెలిసే రాస్తున్నాడు. పంపిన మెయిలు వెనక్కి రాలేదు కాబట్టి, చేరుతోందనుకుని రాస్తున్నాడు.

ఆ ఖాతాను కూడా కొత్తదాంట్లోకి మార్చాను. తీసేయడానికి చెయ్యి రాలేదు. కొత్త సర్వర్ నడిచింది. మేనేజర్ సారు భుజం తట్టాడు. నాకు సాయం చేసినాయన అన్నీ సరిగ్గా వెళ్ళాయా అని అడిగితే, అంతా బాగుంది, చాలా థాంక్స్ అని రాశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలు తింటుండగా, ఎందుకో స్వరూపక్క ఖాతా తెరిచాను. గంగాధర్ నుంచి కొత్త మెయిలు. అందులో ఒకటే మాట: "అక్కా?"

దాని కింద ఇంకొకటి. "అక్కా, నువ్వేనా?" దాని కింద మరొకటి. "ఏ సోమవారం?"

సోమవారం ఏమిటి? నాకు అర్థం కాలేదు. నా సొంత మెయిలు నుంచి ఆమెకు ఒక ఖాళీ మెయిలు పంపి చూశాను. పంపిన వెంటనే నా ఫోను మోగింది. స్వరూపక్క పేరు. "జ్వరంగా ఉంది. సోమవారం వస్తాను. ఏదన్నా ఉంటే ఆగండి, నేను వచ్చి చూసుకుంటా."

ఆమె కుర్చీలో కూర్చుని ఆ మాటలు చదివాను. జ్వరం వచ్చిన రోజు ఆమె రాసి పెట్టుకున్నవి. ఆమె పోయాక ఎవరో పాతదాంట్లో ఆపేశారు, నేను మళ్ళీ మొదలుపెట్టాను. కారణం అంతే, నాకు తెలుసు. అయినా వెంటనే లేచి నిలబడ్డాను, ఎవరో తమ చోటు అడిగినట్టు.

ఒకే మనిషికి వారానికి ఒకసారి మాత్రమే ఆ జవాబు పోతుంది. అతను రోజూ రాసేవాడు. వారం కాగానే మళ్ళీ అదే జవాబు పోయేది. అక్కడ ఆ ఎండలో, ఆ కూలీల క్యాంపులో, అతను దాన్ని ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నాడో.

అప్పుడైనా రాయొచ్చు కదా: అన్నా, తప్పు నాది, మిషన్ పంపింది అని. రెండు ముక్కలు. ఎలా ఆపాలో ఆ పరాయి దేశం ఆయన్ని అడిగినా చెప్పేవాడు. కానీ అడగాలంటే జరిగింది రాయాలి. కొత్త ఉద్యోగం పోతుందని భయం. భయమేనా? పనిమంతుడినని అందరూ మెచ్చుకుంటున్న ముచ్చట కూడా ఉంది అందులో. నేను ఆ ఖాతానే తీసేశాను. ఆ తర్వాత గంగాధర్ రాసిన ప్రతి మెయిలూ, ఇక్కడ ఈ పేరుతో ఎవరూ లేరు అనే సమాచారంతో వెనక్కి వెళ్ళింది.

అతను వచ్చేశాడు. కంపెనీ సెలవివ్వకపోతే పని వదిలేసి వచ్చాడు. ఎండకు నల్లబడ్డ మనిషి. చేతిలో చిన్న బ్యాగు, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆఫీసుకే వచ్చాడు. ఫోను తీసి మేనేజర్ సారు ముందు పెట్టాడు.

"మా అక్క సచ్చిపోయిందన్నరు సార్. నేను సూడలే. గిది ఎవరు రాసిండ్రు మరి?"

సారు చదివాడు. నా వైపు తిరిగాడు. "ఏందిది? మన మిషన్ కెల్లి పోయిందా?"

"లేదు సార్. మన దగ్గర్నుంచి పోలే."

"మరెట్ల పోతది?"

ఇక్కడ ఆగితే సరిపోయేది. తెలియదంటే సరిపోయేది. నేను ఆగలేదు. "ఆమె పాస్‌వర్డు ఇంట్ల ఎవరికన్న తెలిసి ఉండొచ్చు సార్" అన్నాను.

గంగాధర్ నన్ను చూశాడు. "ఇంట్ల ఎవరికి తమ్మీ?"

"ఏమో అన్నా. మీ బావకేమన్న చెప్పిందో..."

అతను ఫోను జేబులో పెట్టుకుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. వర్ని బస్సు ఎక్కి ఉంటాడు.

తర్వాతి సంగతులు అటెండర్ చెబితే విన్నాను. స్వరూపక్క భర్త రాజేశ్వర్ కౌలుకు వరి వేసేవాడు. గంగాధర్ పొలంలోకే వెళ్ళి అతన్ని కొట్టాడట. నేను వచ్చేదాకా ఆగకుండ ఎందుకు కాల్చినవ్, ఇప్పుడు మా అక్క పేరుతోటి నాతో ఆటలాడుతున్నవా అని. నాకేం తెల్వదని రాజేశ్వర్ బిడ్డ మీద ఒట్టేశాడట. ఎవరూ నమ్మలేదు. ఒకసారి అనుమానం లేచాక అది మెయిలు దగ్గర ఆగలేదు. అసలు ఆమెకొచ్చింది జ్వరమేనా అన్నారు. పంచాయితీ పెట్టారు. పిల్ల మౌనికను అమ్మమ్మ తీసుకుపోయింది. కౌలు భూమి మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. రాజేశ్వర్ ఊరు విడిచాడు.

నేను వింటూ చాయ్ తాగాను. అయ్యో అన్నాను కూడా.

ఆ ఉద్యోగం ఎప్పుడో మానేసి, ఇప్పుడు కెమెరాలు బిగిస్తుంటాను. మొన్న బోధన్ దగ్గర ఒక రైస్ మిల్లుకు ఆ పని మీదే వెళ్ళాను. గేటు దగ్గర కూర్చున్న కాపలా మనిషి నిచ్చెన పట్టుకున్నాడు. తల నెరిసింది. మాటల్లో పేరు రాజేశ్వర్ అన్నాడు. నిచ్చెన మీదే ఆగి, వేరే మనిషి అయి ఉండాలని మొక్కుకుంటూ, ఏ ఊరు అన్నా అని అడిగాను.

"వర్ని ఉండె తమ్మీ. ఇప్పుడేం లేదు, గిక్కడ్నే" అన్నాడు. తనే మళ్ళీ అన్నాడు, "బిడ్డ ఉన్నది నాకు. డిగ్రీ సదువుతున్నదంట."

సదువుతున్నదంట. తండ్రి ఆ మాట అనాల్సి వచ్చింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. కెమెరా అతని కుర్చీ వైపు తిప్పి బిగించి, దిగి వచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు ఇందులో కూడా లేదు, మీరు గమనించే ఉంటారు. గంగాధర్‌కూ మౌనికకూ వెళ్ళి చెబుతానని ఇక్కడ రాయగలను. కానీ అది ఇంకో అబద్ధం అవుతుందేమో. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఈ మాటను ఒక్కసారైనా నా తల బయట, అక్షరాల్లో చూడాలి, అంతే. అది రాస్తే గుండె మీద బరువు కొంచెం దిగుతుందని తోస్తోంది.

రాజేశ్వర్‌కు ఏమీ తెలియదు. ఆ జవాబు అతను పంపలేదు. నేను పంపాను.