మా గల్లీ తొట్టెల గుడ్డ

నిన్న మధ్యాహ్నం మా గల్లీ తొట్టెల గుడ్డ మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయికి కూతురు పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో వేస్తాం కాబట్టి గుడ్డ ఇప్పుడు మా వంతు. తెల్లటి నూలు గుడ్డ, చుట్టూ ఎనిమిది వరసల లేసు. నీలం పెట్టి ఉతికి, పాత చీర ముక్కలో చుట్టి పంపారు. చుట్టు విప్పగానే నా చేయి దానంతట అదే ఒక మూలకు వెళ్ళింది. అక్కడ జానెడు మేర లేసు వంకరగా ఉంటుంది. ముడులు ఒకచోట బిగువు, ఒకచోట వదులు. మిగతాదంతా నాజూకు పని, ఆ జానెడు మాత్రం అప్పుడే సంతకం నేర్చుకున్నవాళ్ళ చేతిరాతలా ఉంటుంది. అది అల్లింది మా యారాలు, అంటే మా ఆయన అన్నగారి భార్య. గల్లీ మొత్తానికి లేసు నేర్పిన మనిషి ఆమె. అలాంటి చేతిలోంచి అంత వంకర పని ఎందుకు వచ్చిందో చెప్పాలంటే నా సిగ్గు కూడా చెప్పుకోవాలి. చెబుతాను. ఈ వయసులో దాచుకుని చేసేదేముంది.

మాది బీదర్ బజారులో దారాలు, గుండీలు, రిబ్బన్లు అమ్మే దుకాణం. నౌబాద్‌లో ఇల్లు కట్టినప్పుడు మా మామగారు నడిమధ్య గోడ పెట్టి ఇద్దరు కొడుకులకు రెండు వాటాలు చేశారు. ఆయనకు ఇటుకల మీద పొదుపు ఎక్కువ. అది ఎంత పల్చటి గోడంటే ఇవతల చెంచా పడితే అవతల ఎవరు వంగి తీశారో కూడా చెప్పొచ్చు. దుకాణం మా ఆయన చూసుకునేవారు. మా బావగారికి తండ్రితో పడక కొల్హార్‌లో ఒక వర్క్‌షాపులో షిఫ్టు పనికి చేరారు. బావకు 'గారు' తగిలించి రాయడం ఇంతటితో ఆపుతున్నాను. ఇన్నేళ్ళు ఇచ్చిన మర్యాద చాలు.

మా యారాలి పుట్టిల్లు దుబల్గుండి. అక్కడ పక్కింట్లో ఉండే ఒక రిటైరైన నర్సమ్మ దగ్గర టాటింగ్ నేర్చుకుని వచ్చింది. క్రోషియా మా వైపు చాలామందికి వచ్చు గానీ టాటింగ్ పేరు ఎవరం వినలేదు. దానికి సూది ఉండదు. బొటనవేలంత షటిల్ ఒకటి, పడవ ఆకారంలో, కడుపులో దారం చుట్టుకుని ఉంటుంది. ఎడమచేతి వేళ్ళకు దారం చుట్టుకుని, కుడిచేతి షటిల్‌ను దాని కిందా మీదా పోనిచ్చి ముడులు వేయాలి. చివర్లో దారం లాగితే ముడులన్నీ ఉంగరంలా దగ్గరికి వస్తాయి. కిటుకంతా ఒక్కచోటే. ముడి వేసిన వెంటనే ఎడమ చేయి వదులు చేసి కుడిచేతి దారం బిగించాలి. అప్పుడు ముడి ఒక దారం మీంచి రెండో దారం మీదికి దొర్లుతుంది. దొర్లకపోతే ఉంగరం మూసుకోదు. నాకు నెల రోజులు దొర్లలేదు. ఏది పట్టుకున్నా బిగించి పట్టుకోవడమే నాకు వచ్చిన విద్య. ఇందులో తప్పు పడిన ముడిని విప్పడం మహా కష్టం. మా యారాలు మారు మాట లేకుండా కత్తెర తీసుకుని కచక్కున కోసేసేది. నా రెండు గంటల పని నేల మీద పడేది. మళ్ళీ మొదలుపెట్టమని షటిల్ చేతికిచ్చేది. ఆ ఒక్క విషయంలో ఆమెకు దయాదాక్షిణ్యాలు లేవు. ఆ షటిల్ కూడా మామూలుది కాదు. పెళ్ళైన కొత్తలో బావే వర్క్‌షాపులో స్టీలు రేకు కోసి, వేలికి గుచ్చుకోకుండా అంచులు ఆకురాయితో నున్నగా రాసి తెచ్చిచ్చాడట. అదే మనిషి, అవే చేతులు. ఈ సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మధ్యాహ్నం గిన్నెలు కడిగాక గల్లీ ఆడవాళ్ళం ఆమె అరుగు మీద చేరేవాళ్ళం. ఒకామెది మరాఠీ, బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మది కన్నడం, మిగతా అందరిదీ తెలుగు. తిట్టుకోవడానికి మాత్రం అందరికీ దక్కనీ ఉర్దూ ఉండేది. దారం మా దుకాణంలోది, చాయ్ ఆమెది. తొట్టెల గుడ్డ అక్కడే పుట్టింది. మొదటి వరస ఆమె తన కూతురి కోసం అల్లింది. ఎదురింటి పెద్దమ్మ మనవడి కోసం అడిగి తీసుకుంటే, ఆ పెద్దమ్మ కోడలు ఇంకో వరస కలిపి తిరిగిచ్చింది. అదే వాడుకైపోయింది. గుడ్డ ఏ ఇంటికి వెళితే ఆ తల్లి ఒక వరస కలపాలి. మూడో వరస టీచరమ్మది, నాలుగోది మరాఠీ ఆవిడది, ఐదోది నాది. ఎవరి చేతి బిగువు వారిది కాబట్టి కళ్ళు మూసుకుని తడిమినా ఏ వరస ఎవరిదో తెలిసేది. గల్లీలో ఏ పిల్లవాడైనా ఆ గుడ్డ మీద పడుకోకుండా పెరిగాడంటే మాకు నమ్మబుద్ధయ్యేది కాదు.

బావ కొట్టేవాడు. పప్పులో ఉప్పు తగ్గిందనో, తలుపు ఆలస్యంగా తీసిందనో, అరుగు మీద పెద్దగా నవ్విందనో. ముందు చెంపదెబ్బ వినబడేది, తర్వాత గాజులు, ఆ తర్వాత తల గోడకు తగిలిన చప్పుడు. ఆ చప్పుడుకు మా వైపు క్యాలెండర్ ఊగేది. బెల్టు చప్పుడు వేరు, పీట చప్పుడు వేరు. పన్నెండేళ్ళలో నాకు అన్నీ తెలిసిపోయాయి. ఆమె గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. కూతుర్ని చదువు పేరు చెప్పి దుబల్గుండికి పంపేసింది. అంత మంచి బడులు బీదర్‌లో ఉండగా అక్కడికెందుకని ఎవరూ అడగలేదు. మరి నేనేం చేసేదాన్నంటే, మిక్సీ పెట్టేదాన్ని. మా ఇంట్లో ఆ పన్నెండేళ్ళు పల్లీల పొడికి కొదవ లేదు. మొగుడూ పెళ్ళాల నడుమ మనం పోవద్దని మా ఆయన ఒకసారి అన్నారు, ఆ మాట నాకు హాయిగా అనిపించింది. మర్నాడు అరుగు మీద ఆమె బుగ్గ మీది నలుపు అందరం చూసేవాళ్ళం, చూసి కొత్త డిజైన్ గురించి అడిగేవాళ్ళం.

ఒకసారి బావ ఆమె కుడిచేతి వేళ్ళు తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. ఆ చప్పుడు నాకు కొత్త. అందుకే మిక్సీ పెట్టడం ఆలస్యమైంది. ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. చూపుడువేలు, నడిమివేలు విరిగి, గోళ్ళ కింద రక్తం గడ్డకట్టి ఉంది. ఎలా జరిగిందని డాక్టరు కన్నడంలో అడిగాడు. ఆమెకు కన్నడం అంతంతమాత్రం, నేను బడిలో చదువుకున్నాను. ఆమె నా ముఖం చూసింది. నిజం చెబుతానని చూసిందో, చెప్పొద్దని చూసిందో అప్పుడు ఆలోచించలేదు. గాలికి తలుపు పడిందని శుభ్రమైన కన్నడంలో చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు.

కట్టు విప్పాక వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. షటిల్ పట్టుకుంటే జారిపోయేది. ఆమె ఏడవలేదు, షటిల్‌ను ఎడమ చేతికి మార్చింది. ముప్పై ఐదేళ్ళ మనిషి మొదటిరోజు పిల్లలా ముడి దొర్లక, కోసుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. మాకు నేర్పేటప్పుడు లేని దయ తన మీద కూడా చూపించుకోలేదు. ఆ రోజుల్లోనే ఒకనాడు తొట్టెల గుడ్డ తన ఇంట్లో పెట్టుకుంటానని అడిగింది. వంతు ఆమెది కాదు, గల్లీలో ఎవరూ నీళ్ళోసుకుని కూడా లేరు. ఒకచోట దారం వదులైంది, చూస్తానంది. ఇచ్చాం.

ఆ రోజు మొదటి షిఫ్టు దిగి బావ మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. నేను వంటింట్లో పప్పు మెదుపుతున్నాను. గోడ అవతల పీట పడింది. క్యాలెండర్ ఊగింది. నా చేయి మిక్సీ స్విచ్ మీదికి వెళ్ళింది. అప్పుడు పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు విన్నాను. కొడుతున్నాడని ఆమె అరవలేదు.

"తొట్టెల గుడ్డ కోస్తుండు, రాండ్రే" అని అరిచింది.

ఎలా వెళ్ళానో గుర్తు లేదు. నాకంటే ముందే ఎదురింటి పెద్దమ్మ బట్టలుతికే కట్టెతో లోపలికి దూరింది. బావ మోకాళ్ళ కింద గుడ్డను నొక్కి పెట్టి ఇంత పెద్ద కత్తెరతో లేసు కోస్తున్నాడు. తెల్లటి ఉంగరాలు నేలంతా పడి ఉన్నాయి. మా యారాలి నుదురు పగిలి రక్తం కంట్లోకి కారుతోంది. పెద్దమ్మ మొదటి దెబ్బ అతని మోచేతి మీద వేసింది. కత్తెర ఎగిరిపడితే టీచరమ్మ దాన్ని మంచం కిందికి తన్నింది. మరాఠీ ఆవిడ జుట్టు పట్టుకుని వంచింది. బావ ముఖంలోకి నేను అంతవరకు సూటిగా చూసి ఎరగను, అతనొస్తే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేదాన్ని. అలాంటిది చేతిలోని పప్పుగుత్తితో చెవి మీద కొట్టాను. చెవి చిట్లింది. మళ్ళీ కొట్టాను. పప్పు, రక్తం కలిసి నా చేతికి అంటుకున్నాయి. కొట్టడం ఇంత సులువా అనిపించింది, బాగుందని కూడా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం. పెద్దమ్మ ఆ గుడ్డ మీద పడుకున్న ఒక్కో పిల్లవాడి పేరు చెబుతూ ఒక్కో దెబ్బ వేసింది. మా యారాలి పేరు మాత్రం మా ఎవరి నోటా రాలేదు. చివరికి ఆమే చాలన్నది. అన్నప్పుడు మా వైపు చూడను కూడా లేదు, నేల మీది ముక్కలు ఏరుకుంటోంది.

ఆ సాయంత్రం బావ కుంటుకుంటూ కొల్హార్ వెళ్ళి వర్క్‌షాపు దగ్గర గది తీసుకున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంటాడు. ఒకటి రెండుసార్లు గల్లీ మొదలు దాకా వచ్చి, అరుగు మీద కట్టెతో కూర్చున్న పెద్దమ్మను చూసి వెనక్కి తిరిగాడు. కూతురు దుబల్గుండి నుంచి వచ్చేసింది. కోసిన జానెడు లేసును మా యారాలు ఎడమ చేత్తో ఐదు వరసలూ మళ్ళీ అల్లింది. మేం సాయం చేస్తామంటే ఒప్పుకోలేదు.

నిన్న సాయంత్రం మా అమ్మాయి తన వరస మొదలుపెట్టింది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది గానీ ముడి దొర్లడం లేదు. మా యారాలు వచ్చి, చూసి, కత్తెర అడిగింది. అలవాటు పోలేదు. పక్కన కూర్చుని నేను మా అమ్మాయికి ఆ రోజు కథ చెబుతున్నాను. పప్పుగుత్తి దగ్గరికి వచ్చేసరికి కొంచెం గర్వంగానే చెప్పాను. మా యారాలు తలెత్తకుండా నవ్వింది.

"ఆ గుడ్డ ఆయన చేతికందేటట్టు నేనే పెట్టిన" అన్నది. "కత్తెర గూడ పక్కన్నే పెట్టిన. నా వీపు కోసం ఎవ్వరు రాలె. గుడ్డ కోసమైతే వస్తరని తెల్సు, దాని మీద అందరి పిల్లలు పండుకున్నరు."

కత్తెర అతని చేతిలో ఉంటే ఆమె మీదికే రావచ్చు కదా అని అడిగాను. రావచ్చని అనుకునే పెట్టిందట. మా అమ్మాయి వేళ్ళ మీద దారం అలాగే ఉండిపోయింది. నాకేదో ఒకటి అనాలనిపించి, "ముందుగాలనే ఒక్కసారి పిలిస్తే వస్తుంటి గదక్కా" అన్నాను.

"పన్నెండేండ్లు నీ మిక్సీ ఇన్న చెల్లె" అన్నది. కోపంగా అనలేదు. పిల్ల ఏడిస్తే ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక నేను మా వంటింటి గడప నుంచి ఆమె వంటింటి గడప దాకా నడిచి చూశాను. గోడ చుట్టూ తిరిగి వెళ్ళినా పదిహేను అడుగులే. అవి నడవడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది, అది కూడా ఒక గుడ్డ కోసం.