మడి అవ్వ చేతి లక్క గాజులు

ఆ రోజుల్లో తెలుగు మీడియంలో పదో తరగతి పాసైన పిల్లను ఇంగ్లీషు మీడియం బైపీసీలో చేర్చడమంటే, ఈత రాని పిల్లను బావిలో తోసి పైనుంచి చప్పట్లు కొట్టడమే. పత్రహరితం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ క్లోరోఫిల్ ఎవరో తెలియదు. మొదటిసారి ఆ పుస్తకం తెరిచి గంటసేపు ఏడ్చాను. (అమ్మ కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు తాగించింది.) మా గల్లీలో నర్సింగ్ చదివే ఒక అక్క ఉండేది. నా ఏడుపు చూడలేక, ఎండాకాలం సెలవుల్లో చేయమని ఒక ఉపాయం చెప్పింది. "పుస్తకం పక్కకు పెట్టు. దినాం పది మాటలు నేర్చుకో. ఇంట్ల, బజార్ల కండ్లవడ్డ చెట్టుకో పురుగుకో ఒక్కో మాట కట్టు. కట్టినంక ఎవలకన్న గట్టిగ చెప్పు. చెప్తెనే యాదికుంటది." ఆ ఆఖరి ముక్క ఆమె చెప్పకుండా ఉండాల్సింది.

బాపుది గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల వ్యాపారం. మిగిలిన పూలు ఇంటికి తెచ్చేవాడు. అమ్మ దండ గుచ్చుతుంటే నేను పక్కన చేరి మందారాన్ని నిలువునా చీల్చి, ఇది స్టేమెన్, ఇది ఓవరీ అని చూపించేదాన్ని. "దేవుని పూలు ఖరాబ్ జేస్తున్నవేందే!" అని అమ్మ చేతిమీద ఒకటి ఇచ్చేది. గోడమీది బల్లి రెప్టైల్. నీళ్ల డ్రమ్ములో గిలగిలలాడే దోమపిల్ల లార్వా. ఒకరోజు బాపు వంకాయ ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, "బాపూ, అది పువ్వు ఓవరీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదని అండాశయం అంటే ఏమిటో కూడా విడమరచి చెప్పాను. ఆయన ముద్ద కంచంలో పెట్టేసి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. వారం రోజులు మా ఇంట్లో వంకాయ వండలేదు.

అదే ఎండాకాలం మా చిన్నత్తకు, అంటే బాపు చెల్లెలికి, పెళ్లి కుదిరింది. ఊరికే కుదరలేదు. మూడేళ్లుగా వచ్చినవాళ్లు వచ్చినట్టే మిఠాయి తిని, "మల్ల చెప్తం" అని పోయారు. ఈ మలక్‌పేట సంబంధంలో మాత్రం అబ్బాయికి అత్త నచ్చింది, అత్తకు అబ్బాయి ఇంకా ఎక్కువ నచ్చాడు. (ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేది.) భయమల్లా అబ్బాయి నానమ్మ గురించే. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. ఆమెకు నేను పెట్టుకున్న పేరు మడి అవ్వ. చీమ కాలికింద పడినా చెంపలు వేసుకునే మనిషి. మా ఇంటికి వచ్చినప్పుడు మా గ్లాసులో నీళ్లు కూడా ముట్టలేదు.

పెళ్లికూతురికి లక్క గాజులు ఇంటి పెద్దావిడే తొడగాలని వాళ్లింటి ఆనవాయితీ. అందుకని రెండు వైపుల ఆడవాళ్లం, తోడుగా బాపు, లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో చేరాం. దుకాణం చాచా బొగ్గుల సిగ్డీ మీద లక్కను వేడిచేసి, అత్త చేతి కొలతకు వంచి, అద్దం ముక్కలు అతుకుతున్నాడు. అవ్వ తన రెండు చేతులూ చాపి గాజులు చూపించింది. "మా అత్త తొడిగింది. యాభై ఏండ్లాయె, ఒక్కనాడు తియ్యలే. ఈ చేతులతోనే దేవునికి నైవేద్యం పెడ్త." అందరూ భక్తిగా చూశారు. నాకేమో ఆ రోజు పది మాటల్లో ఇంకా ఒకటి తక్కువ ఉంది.

"అవ్వా, లక్కంటే ఏందో ఎరుకేనా? పురుగు సెక్రీషన్!"

"ఏందీ?"

"పురుగవ్వా! కొమ్మకు వేల పురుగులు అతుక్కుంటయ్. వాటి ఒంట్లకెళ్లి కారిన జిగురే లక్క."

"అరె బేటీ, చుప్ బైఠో!" అన్నాడు చాచా. ఏం జరగబోతోందో అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది.

అవ్వ తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంది. "తియ్యి," అంది. చాచా సబ్బు రాశాడు, నూనె రాశాడు. యాభై ఏళ్ల గాజు కదిలితేనా! "కాట్నా పడేగా అమ్మా," అన్నాడు నసుగుతూ. "ముత్తైదువ చేతి గాజు కోస్తవా!" అని అవ్వ పెట్టిన కేకకు పక్క దుకాణం వాళ్లు కూడా వచ్చారు. తీస్తే అరిష్టం, ఉంచుకుంటే పురుగు. పాపం ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడైనా నేను ఆగాలి కదా! ఆగలేదు. ఓదారుద్దామనుకున్నాను.

"ఫికర్ చెయ్యకవ్వా, గాజులొక్కటే కాదు. నీ పట్టుచీర గూడ పురుగుదే, ప్యూపాను ఉడకవెట్టి తీస్తరు. మెడల ముత్యాలు మొలస్క్‌వి, నత్త జాతి. పుస్తెలతాడుల పగడం ఉన్నది సూడు, అది గూడ జంతువు బొక్కనే, స్కెలిటన్!"

అమ్మ చెయ్యి నా నోటికి అడ్డం వచ్చేసరికే అంతా అయిపోయింది. అవ్వ లేచి, బాపు ముఖం చూడకుండా, "మల్ల చెప్తం" అని ఆటో ఎక్కింది.

ఆ మాట వినగానే చిన్నత్త ముఖం పాలిపోయింది. ఇంటికొచ్చాక తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. అదేమీ లేదు. "నీ పది మాటలల్ల నా పెండ్లి కొట్కపాయె గదనే," అని గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత నాతో మాట్లాడటమే మానేసింది. మాటలు రాసుకునే నోట్‌బుక్కు అటక మీదికి విసిరేసి మూడు రోజులు నేనూ సరిగా తినలేదు.

నాలుగో రోజు మలక్‌పేట నుంచి ఫోను. "ఆ పిల్లను తోల్కరండ్రి." బాపు స్కూటర్ మీద తీసుకెళ్లాడు. అక్కడ అవ్వ చాప మీద కూర్చుని ఉంది. చేతికి గాజులు అలాగే ఉన్నాయి. ముందు పట్టుచీర, ముత్యాల దండ, పూజ శంఖం, తేనె సీసా, పసుపు కొమ్ములు, తమలపాకులు పరచి ఉన్నాయి.

"సదువుకున్నదానివి గద. ఏది ఏందో చెప్పు. అబద్ధం ఆడినవో, సూడు మల్ల."

ఒక్కొక్కటే చెప్పాను. శంఖం నత్త జాతిది. తేనె, తేనెటీగ తాగి కక్కింది. జంతువులవన్నీ ఎడమవైపు పెట్టమంది. కుడివైపు పసుపు, ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు వంటింటి గడప దగ్గర నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. అబ్బాయి తల్లి. ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"బిడ్డా, మరి ఉల్లిగడ్డ?"

"అది చెట్టుదే. బల్బ్ అంటరు. పురుగు లేదు, జంతువు లేదు."

"ముప్పై ఏండ్ల సంది తిననిస్తలేదు బిడ్డా," అందామె.

బాపు చెప్పుల కోసం చూశాడు. అవ్వ కోడలిని చూసింది, ఎడమవైపు కుప్పను చూసింది. ఉన్నట్టుండి పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆమె కోపం కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ హడలగొట్టింది.

"ఇన్నేండ్లు గివన్ని ఏసుకోనే గుడిల నిలవడ్డ. దేవుడు ఒక్కనాడు వద్దనలే. ఇవేందో ఆయనకు తెల్వదా? తెల్సీ ఊకున్నడు. నీకే ఆగలే!" అని, బాపు వైపు తిరిగి, "లగ్గం ఆపేది లేదు. గాజులు చెయ్యమను. ఈ పిల్ల నోటికి మాత్రం తాళమెయ్యుండ్రి," అంది. కోడలి వైపు చూడకుండా, "ఉల్లిగడ్డ సంగతి మల్ల సూద్దాం" అని కూడా అంది.

పెళ్లిరోజు అవ్వ చిన్నత్తకు లక్క గాజులు తొడిగింది. అత్త పసుపు ముఖంతో నవ్వుతూ, ఇన్ని రోజులకు నాతో మాట్లాడింది. "ఏమే డాక్టరమ్మా, వీటిల ఎన్ని పురుగులుంటయ్?"

జవాబు నాలుక చివరే ఉంది. అవ్వ నన్నే చూస్తోంది.

"నాకు తెల్వదత్తా," అన్నాను.

నేను డాక్టర్ని కాలేదు. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. రిపోర్టు చేతికివ్వగానే, "ఏమున్నది బిడ్డా దీంట్ల?" అని అడుగుతారు. అంతా తెలిసి కూడా "డాక్టర్‌ను అడగండమ్మా" అంటాను. అది పద్ధతి. ఆ పది మాటలూ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్రపట్టని ఆ పిల్ల నా సీట్లో లేకపోవడం జనాల అదృష్టం. నాకే అప్పుడప్పుడు ఆ పిల్లమీద బెంగ పుడుతుంది.