దారి పెద్దమ్మకు సన్మానం

ఆ పెద్దాసుపత్రిలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ దారి పెద్దమ్మ అనే పిలిచేవారు. ఓపీ చీటీ రాసే కిటికీ పక్కన, గోడకు ఆనుకుని నిలబడేది. చీటీ పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక దిక్కులు చూసేవాళ్ళను దూరం నుంచే పసిగట్టి, చీటీ చదివి, వెంటబెట్టుకుని తీసుకెళ్ళేది. రక్తపరీక్ష పాత భవనం వెనక. ఎక్స్‌రే కొత్త భవనం నేలమాళిగలో. గుండె డాక్టరు మూడో అంతస్తులో ఉంటాడు గానీ లిఫ్టు అక్కడ ఆగదు; నాలుగులో దిగి ఒక అంతస్తు కిందికి నడవాలి. ఇవేవీ ఏ బోర్డు మీదా సరిగ్గా లేవు. ఆవిడ కాళ్ళకు మాత్రం కంఠతా వచ్చు.

పన్నెండేళ్ళ కిందట ఆవిడ, భర్త ఇద్దరూ ఆ ఎక్స్‌రే గది కోసమే ఒక పూటంతా తిరిగారు. ఆయన ఆయాసంతో మెట్ల మీద కూలబడిపోతే, వచ్చేపోయేవాళ్ళు పక్కకు తప్పుకుని వెళ్ళారు తప్ప ఒక్కరూ ఆగలేదు. నెల తిరక్కుండానే ఆయన పోయాడు. తర్వాత ఏవో కాగితాల కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక ముసలాయన ఎక్స్‌రే గది ఎక్కడమ్మా అని అడిగాడు. ఆవిడ నోటితో చెప్పకుండా, చేయి పట్టుకుని తీసుకెళ్ళి దిగబెట్టింది. మర్నాడు ఏ పనీ లేకపోయినా మళ్ళీ వెళ్ళింది. ఎందుకని చెల్లెలు అడిగితే ఇంట్లో తోచడం లేదంది.

అంతకుముందు బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే బల్ల ముందు ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడింది. అంటే రెండూ కలిపి నలభై ఏళ్ళు నిలబడే గడిపిందన్నమాట. డెబ్భై నాలుగో ఏట మోకాళ్ళు మొరాయించాయి. ఒకరోజు చూపు సరిగ్గా ఆనని ఒక పెద్దాయన్ను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, నాలుగో అంతస్తు మెట్ల మీద చతికిలబడిపోయింది. లేవాలంటే కాళ్ళు మాట వినలేదు. చివరికి ఆ పెద్దాయనే తడుముకుంటూ ఆవిడ భుజం పట్టుకుని లేపాడు. డాక్టరు గది ముందు కూర్చున్నప్పుడు, ఇద్దరిలో రోగి ఎవరని నర్సు అడిగింది.

ఆ సాయంత్రం చెల్లెలు వేడినీళ్ళ కాపడం పెడుతూ నాలుగు తిట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, రెండు గదుల్లో ఉంటారు. చెల్లెలికి నోరు ఎక్కువ, అక్కకు మొండితనం ఎక్కువ. ఈసారి మాత్రం అక్క ఎదురు చెప్పలేదు. సోమవారం వెళ్ళి హెడ్ నర్సుతో ఇక రానని చెప్పేస్తానంది. చెల్లెలు నమ్మలేక మొహంలోకి తేరిపార చూసింది.

సోమవారం ఆవిడ నోరు తెరిచేలోపే హెడ్ నర్సు నవ్వుతూ ఒక ఉత్తరం చేతిలో పెట్టింది. జనానికి ఉచితంగా సేవ చేస్తున్న ఏడుగురు వృద్ధులను పురపాలక సంఘం సన్మానిస్తుందట. ఆసుపత్రి తరఫున ఆవిడ పేరు పంపారట. చుట్టూ చేరిన నర్సులు చప్పట్లు కొట్టారు. ఇంత సంబరంలో ఇక రానని చెబితే ఎలా ఉంటుంది? సభ అయ్యాక చెబుదాంలే అనుకుంది.

సన్మానమంటే ఊరికే ఇచ్చేస్తారా? మూడు పేజీల దరఖాస్తు నింపాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సేవ చేశారు, వారానికి ఎన్ని గంటలు, చేస్తున్నట్టు రుజువేమిటి అని గడులున్నాయి. ఫొటో కావాలన్నారు. ఆ సమయానికి రోగులెవరూ ఒప్పుకోకపోతే వాచ్‌మన్ మూలుగుతున్నట్టు నటించాడు, ఆవిడ అతని చేయి పట్టుకుని నిలబడింది. ఫొటోలో అతనికే నవ్వు ఆగలేదు.

సభ పదింటికన్నారు. ముఖ్య అతిథి ఒంటిగంటన్నరకు వచ్చాడు. ఏడుగురు ముసలివాళ్ళూ వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో మూడున్నర గంటలు కూర్చున్నారు. ఒకావిడ మాత్ర వేసుకునే వేళ దాటిపోతోందని చేతిసంచి తెరవడం, మూయడం. దారి పెద్దమ్మ పక్కన కూర్చున్నది రిటైరైన పోస్ట్‌మన్. బడి వదిలేవేళ పిల్లలను రోడ్డు దాటిస్తాడని ఆయన్ను పిలిచారట. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారని మాట కలిపింది.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేను నిరుడే మానేశానమ్మా. కళ్ళకు ఆపరేషనైంది. ఎవరూ గమనించలేదు. ఇప్పుడు చెప్తే బాగుండదని ఊరుకున్నా."

"మరి పిల్లల్ని ఎవరు దాటిస్తున్నారు?"

"ఎవరూ లేరు. వాళ్ళే పరుగెత్తుతున్నారు."

ఇద్దరూ చాలాసేపు ఖాళీ వేదికకేసి చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ వంతు వచ్చింది. జ్ఞాపిక చేతికిచ్చి, ఈ తల్లి నూరేళ్ళు ఇలాగే సేవ చేయాలని ముఖ్య అతిథి ఆశీర్వదించాడు. ఆయనకు ఆవిడ కొడుకయ్యేంత వయసు ఉంటుంది. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆవిడ ఎప్పుడూ మైకు పట్టుకున్న మనిషి కాదు.

"నాకు డెబ్భై నాలుగేళ్ళండి" అంది. "నూరేళ్ళు నా వల్ల కాదు. ఇది జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాల్సిన పని. పెట్టుకోండి. రేపట్నుంచి నేను రాను."

హాలంతా చప్పట్లు. అమ్మగారి వినయం చూశారా అని వ్యాఖ్యాత మైకు లాక్కున్నాడు. ఆవిడ కుర్చీ దాకా ఎలాగో నడిచొచ్చి కూర్చుంది. పోస్ట్‌మన్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. మంచి పని చేశావమ్మా అని మెల్లగా అన్నాడు.

మర్నాడు ఆవిడ వెళ్ళలేదు. పదకొండింటికి హెడ్ నర్సు ఫోన్ చేసింది.

"నిజంగానే అన్నావా పెద్దమ్మా?"

"నిజంగానే తల్లీ. కాళ్ళు లేవడం లేదు."

అప్పుడు హెడ్ నర్సు ఒక సంగతి చెప్పింది. దారి చూపించడానికి ఒక మనిషి కావాలని ఆమె ఇప్పటికి అయిదుసార్లు పైకి రాసిందట. అయిదుసార్లూ ఒకటే జవాబు: అక్కడ ఒక పెద్దావిడ చేస్తోంది కదా, ఇంకెందుకు?

ఫోన్ పెట్టేశాక ఆవిడ మంచం అంచున కూర్చుండిపోయింది. తాను లేకపోతే ఆ పని ఆగిపోతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. తాను ఉండబట్టే మనిషిని పెట్టడం ఆగిపోయింది. చెల్లెలు ఏమైందని రెండుసార్లు అడిగి, మొహం చూసి మూడోసారి అడగలేదు.

ఆ తర్వాత మూడు నెలలు తేలిగ్గా గడవలేదు. ఎవరో ముసలమ్మ గది దొరక్క పరీక్ష చేయించుకోకుండానే తిరిగి వెళ్ళిపోయిందని కూరగాయలావిడ చెప్పిన రోజు, దారి పెద్దమ్మ లేచి చెప్పులు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి గోడ పట్టుకుని నిలబడింది. కాసేపటికి చెప్పులు విప్పి లోపలికొచ్చి పడుకుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మూడు నెలల చివర్లో హెడ్ నర్సు ఆరోసారి రాసిన కాగితానికి కదలిక వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి ఒకామెను పనిలో పెట్టారు. చేరిన వారానికి ఆమె నోటు పుస్తకం పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆసుపత్రిలో తానే మూడుసార్లు తప్పిపోయిందట. అంతా దారి పెద్దమ్మనడుగు అంటున్నారట.

ఆవిడ మంచం మీద కూర్చుని, కాళ్ళ కింద దిండు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఏ తలుపు పదింటి దాకా తీయరో, ఏ గుమస్తాను గట్టిగా అడగాలో, ఏ గుమస్తాను బతిమాలాలో, అన్నీ చెప్పింది. ఆమె వేళ్ళు నొప్పి పుట్టేలా రాసుకుంది. పాత భవనం పూర్తయ్యేసరికే ఆవిడ మాట మందగించింది.

"కొత్త భవనం రేపు చెప్తానమ్మా" అంది. "మధ్యమధ్యలో కూర్చో. అలసిపోతే అలసిపోయానని చెప్పు. నాలాగా పన్నెండేళ్ళు ఆగకు."

ఆమె తలూపి పుస్తకం మూసింది. చెల్లెలు కాఫీ తెచ్చేసరికి అక్క గోడకు తల ఆనించి నిద్రపోతోంది.