పాప నోరు తెరవనివ్వని పెద్ద సిస్టర్ గారు

కోడూరు ఆసుపత్రిలో నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్ గారు పోయారని మొన్న మంగళవారం ఫోన్ వచ్చింది. గుడివాడలో డ్యూటీలో ఉన్నాను. చేతిలో ఉన్న ఇంజెక్షన్ చేసేసి, పక్క గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

ఆవిడ పిల్లల్ని ముట్టుకునే ముందు దూరం నుంచి చూసేవారు. చీటీ రాస్తూనే వరండాలో దగ్గులు వినేవారు. "కుక్క మొరిగినట్టు దగ్గుతున్న పిల్లాణ్ణి ముందు పిలువమ్మా" అనేవారు. చొక్కా ఎత్తి డొక్కలు ఎగురుతున్నాయేమో చూడకుండా జలుబని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "జలుబో కాదో పిల్ల ఊపిరి చెబుతుంది. మనం తొందరపడి చెప్పకూడదు."

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం, చేపలమ్ముకునే ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది. పొద్దుటి నుంచి కాలిపోయే జ్వరం. దగ్గు లేదు. మాట లేదు. ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుస్తోంది. గడ్డం పైకెత్తి ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా కూత. ఆ రోజు డాక్టరు గారు క్యాంపుకి వెళ్లారు. గొంతు చూద్దామని నేను టార్చీ, నాలుక నొక్కే పుల్లా తీశాను. పెద్ద సిస్టర్ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. నోరు తెరిపించకు, పడుకోబెట్టకు. అమ్మ ఒళ్లోనే ఉండనీ."

"ఏమైందండీ?"

"గొంతులో ఊపిరి గొట్టం మీది మూత వాచినట్టుంది. పుల్ల పెట్టినా, ఏడ్చినా ఊపిరి దారి మూసుకుపోతుంది."

బందరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి మత్తు డాక్టరు గారిని సిద్ధంగా ఉండమన్నారు. అంబులెన్సులో ఆక్సిజన్ మాస్కు తగిలించకుండా, పాప ముఖానికి దగ్గరగా పట్టుకుని కూర్చున్నారు. మోపిదేవి దగ్గర తల్లి ఏడుపు ఆపుకోలేకపోయింది. "పాపకి ఏదో ఒకటి చెబుతూ ఉండమ్మా" అన్నారు. ఆ తల్లి దారి పొడుగునా చేపల పేర్లు చెప్పింది.

గొంతులోకి గొట్టం వేశాక అక్కడి డాక్టరు గారు బయటికొచ్చి, "నోరు తెరిపించకుండా, ఏడిపించకుండా తీసుకొచ్చారు. అందుకే బతికిందండీ" అన్నారు. ఆవిడ నన్ను చూపించి, "మా అమ్మాయి కూడా ఉందండీ" అన్నారు. నేను చేయబోయిన పని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలకి మొదటి రోజే ఈ సంగతి చెబుతాను. ఫలానా ఆవిడ దగ్గర పనిచేశానని చెప్పేటప్పుడు తల కాస్త పైకి లేస్తుంది. చొంగ కారుస్తూ ఊపిరాడని పిల్ల నోరు తెరిపించకూడదని, మీ ఇళ్లలో పిల్లలుంటే మీరూ గుర్తుంచుకోండి.

అప్పట్లో ఆ పాపకి మూడో రోజు గొట్టం తీశారని తెలిసి ఇద్దరం బందరు వెళ్లాం. తల్లి స్టీలు గ్లాసుతో నీళ్లు పట్టింది. పాప ఒక గుక్క తాగింది. పెద్ద సిస్టర్ గారు మంచం పక్కన నిలబడి, ఆ చిన్న గొంతు కదిలి నీళ్లు కిందికి దిగడం కళ్లార్పకుండా చూస్తున్నారు.