క్వారీ తూటాలు, మా గోడ గడియారం

నా మొదటి ఉద్యోగాన్ని నా లెక్కలే మింగేశాయి. అదీ తప్పు లెక్క కాదు. ఎనభైల్లో మాచర్లలో అంత శుభ్రమైన లెక్క ఇంకెవరూ చేసి ఉండరు.

అప్పుడే స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి, లోకాన్ని సరిదిద్దే పనిలో ఉన్నాను. మా గోడ గడియారం మామూలుగా రోజుకు అర నిమిషం తప్పేది. నాపరాళ్ల క్వారీలో మధ్యాహ్నం తూటాలు పేలిస్తే మాత్రం గోడ అదిరి లోలకం ఆగేది. ఎవరో ఒకరు చూసి ఊపేలోపు అరగంటో గంటో పోయేది. అలా పడిన తేడా ఎప్పటికీ మిగిలిపోతుందా, తుడిచిపెట్టుకుపోతుందా? మిగిలిపోతే ఆ అంకెల వరసలో యూనిట్ రూట్ ఉందంటారు. రోజూ సాయంత్రం రేడియో వార్తలప్పుడు తేడా రాసుకుని, పుస్తకంలోని పరీక్ష పెట్టాను. యూనిట్ రూట్ లేదని తేలింది. ఎంత పెద్ద తేడా అయినా మర్నాటికి మాయం. ఫలితాన్ని పోల్చి చూసుకునే పుస్తకంలోని పట్టిక చిన్న ఒడుదొడుకులకే గానీ తూటాల్లాంటి దెబ్బలకు పనికిరాదని పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉంది. సన్నక్షరాలు చదివే వయసా అది?

ఇంతలో గుంటూరులో లెక్చరర్ ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున ఆరింటి బస్సు తప్పితే అది దక్కదు. ముందురోజే తూటాలు పేలి గడియారం నలభై నిమిషాలు వెనకబడింది. నాయనమ్మ కారంపూడిలో మేనత్త ఇంట్లో ఉంది. నాన్న వాచీ రిపేరులో ఉంది.

"ఏమే, ముల్లు తిప్పుదునా?" అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా. తెల్లారేసరికి దానంతటదే సర్దుకుంటది."

"అదేమన్నా మేతకు పోయిన గేదా, ఇంటికి రావటానికి?"

"టెస్టు చేశాను నాన్నా."

"చానా చదివావులే," అని పడుకున్నాడు.

తెల్లారి గడియారం ఐదున్నర చూపించింది. తీరిగ్గా జడ వేసుకుని, కుచ్చిళ్లు రెండుసార్లు సర్దుకుని బయల్దేరాను. బస్టాండులో డీజిల్ వాసన మాత్రమే మిగిలింది.

"ఆరింటి బండా? పోయి చానాసేపైందమ్మాయ్," అన్నాడు టీకొట్టు బాబాయి.

తర్వాతి బస్సులో వెళ్తే, ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేసి, నాకు టీ ఇచ్చి పంపారు.

నాయనమ్మ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, రేడియోలో వార్తలు మొదలవగానే స్టూలెక్కి ముల్లు తిప్పింది.

"ఏం చేస్తన్నావ్ నాయనమ్మా?"

"కొత్తగా అడుగుతావేందే? రోజూ తిప్పేదే గదా. తూటా పేలిన మర్నాడు ఇంకాస్త ఎక్కువ తిప్పాల."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే గదా. సాయంత్రమైతే దాని ముందు నిలబడి ఏందో రాసుకునేదానివి. ఉద్యోగం కోసం మొక్కుకున్నావేమో అనుకున్నా."

ఆ తర్వాత ఎన్నో వరసలు పరీక్షించాను. తమంతట తామే దారికొచ్చినట్టు కనిపించే వాటిలో చాలావాటి వెనక ఎవరిదో చెయ్యి ఉంటుంది. ఆనాడే, ఆ స్టూలు పట్టుకుని నిలబడి, ప్రతిజ్ఞ చేశాను: ఆ అంకెలు పుట్టిన ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరో కనుక్కోనిదే, జన్మలో ఏ పరీక్ష ఫలితమూ ప్రకటించను.