ఖాజా భాయ్ జేబులో రన్‌వే

దీపాలు బాగుచేయడానికి అడవికి పోవడమేమిటని మా ఇంట్లో అందరూ నవ్వేవారు. ఎనభైల్లో నేను ఖమ్మంలో వైర్‌మన్‌ని. ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక డ్రిల్లింగు ప్రాజెక్టు క్యాంపు, దానికో చిన్న రన్‌వే ఉండేవి. వానలు పడితే రన్‌వే పక్కన వరుసగా బిగించిన దీపాల్లోకి నీళ్లు, చీమలు చేరేవి. వాటిని చూసి రావడం నాకూ, మా సీనియర్ ఖాజా భాయ్‌కీ డ్యూటీ.

ఖమ్మంలో మేముండే ఖానాపురం హవేలి నుంచి తెల్లవారకముందే బయలుదేరి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బస్సులు మారుతూ పోతే క్యాంపు చేరేసరికి ఎండెక్కేది. ఖాజా భాయ్ ముందుగా ప్యానెల్ గదిలో, దీపాలకు కరెంటు అందించే పింగాణీ ఫ్యూజు లాగి చొక్కా జేబులో వేసుకునేవాడు. "గిది నా జేబుల ఉన్నంతసేపు మన పానం మన చేతుల ఉన్నట్టే, తమ్మీ," అనేవాడు. ఆ తరవాతే దీపాల మూతలు తీసి, తడి తుడిచి, పాడైన రబ్బరు వాషర్లు మార్చేవాళ్లం. ఆ టేకు చెట్ల గాలి, ఆయన కూనిరాగం తలుచుకుంటే ఇప్పటికీ నాకు బెంగే.

ఒక రోజు ఆఖరి మూత బిగిస్తుండగా మధ్యాహ్నం బస్సు హారన్ వినబడింది. సంచి పట్టుకుని పరుగెత్తాం. పాల్వంచలో చాయ్ తాగుతుంటే క్యాంపు జీపు ఆగింది.

"ఏందన్నా, గింత జల్దీల ఉన్నవ్?" అన్నాడు ఖాజా భాయ్ జీపు డ్రైవర్‌తో.

"డ్రిల్లింగు కాడ ఒకాయన కాలు నుజ్జయింది. పొద్దుగూకే యాళ్లకు ఇమానం వస్తది, పట్నం దవాఖానకు తీస్కపోతరు. మందులు తీస్కొని పోతున్న."

చాయ్ డబ్బుల కోసం జేబులో చెయ్యిపెట్టిన ఖాజా భాయ్ ముఖం పాలిపోయింది. ఫ్యూజు ఆయన చేతిలో ఉంది. క్యాంపులో ఇంకొకటి లేదు.

అదే జీపులో వెనక్కి బయలుదేరాం. బురద దారి పొడుగునా ఆయన ఫ్యూజును పిడికిట్లోనే పట్టుకున్నాడు. చేరేసరికి మసక చీకటి, పైన విమానం చప్పుడు. వాచ్‌మన్ స్విచ్చు వేస్తూ తీస్తూ తిట్టుకుంటున్నాడు. అంత తొందరలోనూ ఖాజా భాయ్, "దీపాల కాడ ఎవలన్న ఉన్నరా?" అని అరిచాడు. "ఎవ్వలు లేరు!" అని వాచ్‌మన్ అన్నాక ఫ్యూజు నొక్కాడు. రెండు వరుసలూ చివరిదాకా వెలిగాయి. నాకు ఏడుపొచ్చింది.

విమానం దిగింది, ఆ డ్రిల్లర్ కాలు దక్కింది. ఆ తరవాత ఖాజా భాయ్ ఫ్యూజు తీసినప్పుడల్లా తన చెప్పొకటి ప్యానెల్ కింద వదిలేవాడు. "ఒక్క చెప్పుతోటి ఎవడు బస్సెక్కుతడు?" అని నవ్వేవాడు.

మీరూ ఆ వైపు వెళ్తే ఉదయపు బస్సుకే వెళ్లండి, తిరుగు బస్సు వేళ ముందే కనుక్కోండి. ఖాజా భాయ్ పోయాక ఒకసారి వెళ్లాను. రన్‌వే నిండా గడ్డి, ప్యానెల్ గదికి తలుపు లేదు. లోపలికి వంగి, తెలియకుండానే చెప్పు కోసం చూశాను.