మా ఆయన బూట్లు, టీచరమ్మ పూల సంచి

పొద్దు వాలేసరికి మా హాస్టల్ వరండాలో వేపనూనె వాసన లేస్తుంది. దోమలు కుట్టకుండా పిల్లలు చేతులకూ కాళ్లకూ రాసుకుంటారు. ఆ చేదు వాసనకు ముక్కులు మూసుకుని ఒకరినొకరు తిట్టుకుంటారు. నేను వంటగదిలో పప్పు మెదుపుతూ ఉంటాను. వాసన గడప దాటి లోపలికి రాగానే నా చేయి ఆగిపోతుంది. ఈ పర్ణశాల ఊరూ, ఈ వంటగదీ పోయి ఎక్కడో చెరువు ఒడ్డున కూర్చున్నట్టు ఉంటుంది. పక్కన రూతమ్మ టీచర్ తన సన్నటి కాళ్లకు నూనె రాసుకుంటూ, "ముక్కు మూసుకోకు లచ్చమ్మా, ఇది అడివి సెంటు" అంటున్నట్టే ఉంటుంది. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. నాకు నా పేరు రాసుకునే వరకే చదువు వచ్చు. అందుకని నేను చెబుతున్నాను, పదో క్లాసు పిల్ల ఒకతి రాస్తోంది.

మా ఆయన ఐలయ్య బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మణుగూరు దగ్గర కాలనీలో మాకు క్వార్టర్ ఉండేది. పిల్లలు కలగలేదు. షిఫ్టు దిగి ఇంటికి రాగానే బూట్లు విప్పి గుమ్మం పక్కన బోర్లించేవాడు, తేళ్లు దూరకుండా. మా వరసలో అందరి ఇళ్ల ముందూ అంతే. బోర్లించిన బూట్లు కనబడితే ఆ ఇంటి మనిషి బాయి నుంచి క్షేమంగా పైకి వచ్చాడని అర్థం. కనబడకపోతే ఆ ఇంటి ఆడమనిషి తలుపు దగ్గరే తచ్చాడుతూ ఉండేది. ఇన్నేళ్లు బాయి ఏమీ చేయని మనిషిని ఒక వానాకాలం జ్వరం ఐదు రోజుల్లో తీసుకుపోయింది. ఏడ్చి ఏడ్చి నా గొంతు పగిలిపోయింది. అది మళ్లీ అతుక్కోలేదు. ఇప్పటికీ నేను మాట్లాడితే పచ్చి కట్టెను రంపం కోస్తున్నట్టే ఉంటుంది. అందుకని మాట్లాడటమే మానేశాను. బూట్లు మాత్రం తీయలేదు. రోజూ తుడిచి మళ్లీ అక్కడే బోర్లించేదాన్ని. చూసినవాళ్లు ఏమీ అనలేదు. ఆయన పోయాడన్న మాట పది నెలలపాటు నా నోటితో ఎవరికీ చెప్పలేదు.

క్వార్టర్ ఖాళీ చేయమని కాగితం వచ్చింది. తల్లాడ నుంచి మా అన్న వచ్చాడు. "ఇంగ ఈడ నీకేముందే? మా ఇంటెనక అర్ర సాఫ్ చేపిచ్చిన. మాతోని ఇంత తిని ఒక మూలకుండు. మళ్ల ఆదివారం ట్రాలీ తీస్కొని వస్త" అన్నాడు. అన్న చెడ్డవాడు కాదు, కళ్లల్లో నీళ్లు పెట్టుకునే అన్నాడు. అయినా ఆ మూల అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ముప్పై ఆరేళ్లదాన్ని, ఇంకా ఎన్నేళ్లు ఉండాలో ఆ మూలకు! వద్దని చెప్పడానికి నోరు రాలేదు. తల ఊపాను.

రూతమ్మ టీచర్ మాకు రెండిళ్ల అవతల వాళ్ల చెల్లెలి దగ్గర ఉండేది. ఖమ్మంలో ఒక క్రైస్తవ బడిలో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమె మాట గుసగుసలాగే వచ్చేది. అన్న వెళ్లిన సాయంత్రం వచ్చి మా గుమ్మంలో, ఆ బూట్ల పక్కనే కూర్చుంది.

"నలభై ఏండ్లు బోర్డు మీద కొండలు గీసిన, సరస్సులు గీసిన. నీలం చాక్‌పీసు అరిగేదాక గీసిన. ఒక్క కొండ ఎక్కలె, ఒక్క సరస్సు చూడలె" అంది.

"సరస్సంటే ఏంది టీచరమ్మా?"

"పెద్ద చెరువేనే. పుస్తకంల ఉంటే సరస్సంటరు."

నాకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. ఆమె చూడనట్టే ఉండి తన లెక్క చెప్పింది. కిన్నెరసాని వైపు కొండలు ఎక్కి, చెరువులు చూసుకుంటూ తిరిగి వచ్చి, గోదావరి దాటి పర్ణశాల చేరాలి. ఆరు రోజులు, అంతా నడక. బియ్యం, పప్పు, ఉప్పు, రెండు దుప్పట్లు. "పింఛను మనిషిని, జీపు మాట్లాడుకునుడు నాతోని కాదు. నువ్వు నాతోని రావాలె" అంది.

"నేనెందుకు?"

"నాకు గొంతు లేదు. అడివిల ఎవరినన్న పిలవాల్నంటే ఎట్ల?"

"నా గొంతు ఇన్నవా? కాకి గూడ సిగ్గుపడ్తది."

"దూరం ఇనపడ్తదా, లేదా?"

"ఇనపడ్తది."

"గంతే గావాలె. ఆదివారం మీ అన్నకు పదిలంగ అప్పజెప్త."

వీపుకు తగిలించుకునే సంచులు రెండు ఆమే కుట్టింది, పాత కర్టెన్ చింపి. ఎర్ర ఎర్రటి మందార పూలు, ఒక్కొక్కటి పళ్లెమంత. ఇదేం బట్ట అంటే, "ఆకుపచ్చ సంచి ఏసుకొని ఈ అడివిల తిరిగితే ఏమనుకుంటరో ఎరుకేనా? పూలుంటే ఎవ్వలు బెదరరు" అంది. నిజమే. రెండో రోజు ఒక ఫారెస్టు గార్డు మమ్మల్ని ఆపి, "ఏందమ్మా, సంచులేసుకొని యాడికి? నక్సలైట్ల దళంల గిట్ల చేరనీకి పోతున్రా?" అని నవ్వాడు. టీచరమ్మ గుసగుస ఆయనకు వినబడలేదు. అందుకని నేనే నోరు విప్పాను. "మందార పూల సంచులేసుకుంటే దళంల చేర్చుకుంటరా సారూ? ముసలామె చెరువులు చూస్తదంట, చూపియ్యనీకి తీస్కపోతున్న" అన్నాను. ఆయన పోయాక టీచరమ్మ నా భుజం తట్టి, "నా మైకు బాగ పనిచేస్తుంది" అంది.

మొదటి రోజు బస్సు ఎంతవరకు పోతే అంతవరకే ఎక్కాం. తర్వాత కాళ్లే. పుల్లలు ఏరుకుని వండుకున్నాం, బడి వరండాల్లో పడుకున్నాం. ఆమె అరవై దాటిన మనిషి, గట్టు ఎక్కాలంటే పది అడుగులకొకసారి ఆగేది. ఆగిన చోటల్లా ఏదో ఒకటి చూపించేది, ఆయాసం కనబడకుండా. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. సాయంత్రం కాగానే సంచి బోర్లించి అన్నీ ముందు వేసుకోవాలి. రెండు రోజులు చేయి తగలని వస్తువు మూడో రోజు వీపు ఎక్కకూడదు. అట్లా తన రెండో చీర ఒక బడి ఆయాకు ఇచ్చేసింది. నేను మాత్రం రెండు సాయంత్రాలూ సంచి అడుగు చూపించలేదు.

మూడో రోజు పొద్దు వాలుతుండగా పెద్ద చెరువు కనబడింది. మూడు వైపులా కొండలు, ఆ కొండలన్నీ నీళ్లలో తలకిందులుగా ఉన్నాయి. టీచరమ్మ నిలబడిపోయింది. "నీలం కాదే లచ్చమ్మా. ఇన్నేండ్లు పిల్లలకు తప్పు రంగు ఏసి చూపిచ్చిన" అని కళ్లు తుడుచుకుంది. ఆ సంతోషంలోనే సంచి బోర్లించమంది. ఆ రోజు రాళ్లల్లో నా చెప్పు తెగిపోయి, అరికాలు మండుతూ ఉంది. విసురుగా సంచి తలకిందులు చేశాను. ఐలయ్య బూట్లు దబ్బున కింద పడ్డాయి.

టీచరమ్మ వాటిని చూసింది. నన్ను చూసింది. "వీటిని వాడినవా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "వాడు, లేకుంటే ఈడనే వదులు. రేపు ఇవి నీ వీపెక్కయి" అంది, బళ్లో పిల్లకు చెప్పినట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేం ఎరుక టీచరమ్మా? ఇంటికొచ్చే మొగోడు ఉంటే ఎరుకయ్యేది!" అనేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. అయినా నేను ఆగలేదు. పాత గుడ్డలు కుక్కి ఆ బూట్లు తొడుక్కున్నాను. "ఇగో, వాడుతున్న, సూడు!" అంటూ వంట గిన్నె పట్టుకుని బురదలో అడుగులేసుకుంటూ నీళ్ల దాకా పోయాను. అక్కడికి పోయాక గానీ తెలియలేదు. బూటు లోపల ఆయన బొటనవేలు నొక్కుకుపోయిన గుంత ఉంది. నా వేలు దానిలో మునిగిపోయింది. నీళ్లు ముంచుకోకుండా అక్కడే నిలబడ్డాను. టీచరమ్మ పిలవలేదు, పిలవడానికి ఆమెకు గొంతు లేదు. ఆ సాయంత్రం ఇద్దరం మాట్లాడుకోకుండానే తిన్నాం.

తెల్లవారి చెరువు పక్కనే ఉన్న కోయగూడేనికి పోయాం, దారి అడుగుదామని. బూట్లు నా కాళ్లకే ఉన్నాయి. గూడెంలో ఒక్క మనిషి లేడు. పొయ్యిలో నిప్పు ఉంది, కుండలో జావ వేడిగా ఉంది, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక వాకిట్లో నడవలేని ముసలామె ఒకతి చాప మీద కూర్చుని ఉంది. మా ముఖాలు చూడలేదు, నా కాళ్లే చూస్తోంది. "ఎంతమంది?" అంది. నాకు అర్థం కాలేదు. మళ్లీ, "ఇంక ఎంతమంది వస్తున్నరు?" అని వేళ్లు చూపించింది.

అప్పటికి టీచరమ్మకు తెలిసిపోయింది. ఆ రోజుల్లో ఆ అడవిలో బూట్లతో తిరిగేవాళ్లు రెండే రకాలు, పోలీసులూ దళంవాళ్లూ. ఎవరు వచ్చినా, అవతలివాళ్లకు అన్నం పెట్టారా అని అడిగేది గూడెంవాళ్లనే. తెల్లవారుజామున చేపలకు పోయినవాళ్లు బురదలో నా అడుగులు చూసి వెనక్కి పరుగెత్తుకొచ్చారట. పసిపిల్లలను చంకనెత్తుకుని అందరూ కొండెక్కి దాక్కున్నారు. టీచరమ్మ ఆ వాకిట్లోనే కూలబడింది.

"తప్పు నాది లచ్చమ్మా. వాడమని నిన్ను సతాయించిన. బెత్తం పట్టిన చేయి, ఇంకా బుద్ధి రాలె." కొండ వైపు చూపించి, "పిలువు. వాండ్లు ఎంత దూరం పోయిన్రో ఏమో. పసిపోరలు ఆకలికుంటరు" అంది.

బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాను. కొండ వైపు తిరిగాను. మొదట గాలే వచ్చింది, మాట రాలేదు. ముసలామె నా ముఖంలోకి చూస్తోంది. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కేక! "ఓ అక్కలాలా! మేం ఇద్దరమే! ఆడోళ్లం! ఈ బూట్లు నా మొగునియి! నా మొగుడు సచ్చిపోయిండు! ఆయన లేడు, ఆయన బూట్లు నేనేసుకున్న!" కొండ ఆ మాటను తిప్పి నాకే కొట్టింది. సచ్చిపోయిండు, సచ్చిపోయిండు అని. అయినా మళ్లీ పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో లెక్క లేదు.

చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె ముందుగా చెట్ల చాటు నుంచి బయటికి వచ్చింది. మా మందార పూల సంచులు చూసింది. వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. గుట్టంతా నవ్వింది! ఒక్కొక్కరే దిగివచ్చారు. అందులో ఒక పడుచుపిల్ల నా బూట్లు తొడుక్కుని వాకిలంతా కవాతు చేసి చూపించింది. ఇందాక బెదిరిన ముసలామె కడుపు పట్టుకుని నవ్వింది. మాకూ జావ పోశారు. ఒకాయన నా తెగిన చెప్పుకు టైరు ముక్కతో పట్టీ వేసి ఇచ్చాడు.

బయలుదేరేటప్పుడు బూట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ వదలలేను, వాటిని వేసుకున్నవాడికి ప్రమాదం. "నా వీపు మీదనే ఇంటిదాక మోస్త టీచరమ్మా. నీ రూలు నేను పాటియ్య" అన్నాను. నిన్న అన్న మాటకు క్షమించమని కూడా అనాలనుకున్నాను, అది రాలేదు. ఆమె తన పూల సంచి మూతి విప్పి నా ముందు పెట్టింది.

"ఒకటి దీంట్ల ఎయ్యి" అంది.

అట్లా ఆయన బూట్లు చెరొకటి మోసుకుంటూ మిగతా దారి నడిచాం. దూరంగా గూడెం కనబడితే చాలు, టీచరమ్మ నా మోచేయి తట్టేది. "నీ గొంతు ముందుగాల పోనియ్. మన కాళ్లు ఎనక పోతయి" అనేది. ఆరో రోజు నాటు పడవలో గోదావరి దాటాం. పర్ణశాల దగ్గర ఈ హాస్టల్లో ఆమె దగ్గర చదువుకున్న వార్డెన్ ఉంది. వంట మనిషి కావాలని ఆమె మాటల్లో అంది. టీచరమ్మ నా వైపు చూసి ఊరుకుంది. సాయం చేయలేదు, మోచేయి కూడా తట్టలేదు. ఆ పని నాకిమ్మని నేనే అడిగాను.

బస్సులో కాలనీకి తిరిగి వచ్చాం. ఆదివారం అన్న ట్రాలీ తెచ్చాడు. సామాను ఎత్తబోతుంటే గుమ్మంలో నిలబడి చెప్పాను. "అన్నా, ఐలయ్య పోయిండు. నేనున్న. మూలకుండుడు నాతోని కాదు. ట్రాలీ భద్రాచలం వంతెన మీదికెల్లి పర్ణశాలకు తోలు." అన్న నోరు తెరిచి చూశాడు. "ఈ గొంతేందే నీది!" అన్నాడు. "గిదే నా గొంతు" అన్నాను. దారంతా గొణిగాడు గానీ, సామాను దించేటప్పుడు పొయ్యి తనే మోశాడు.

ఆ తర్వాత మూడు చలికాలాలు టీచరమ్మతో నడిచాను. ఆమె సంచిలో పడిన బూటు ఆమె తిరిగి ఇవ్వలేదు, నేను అడగలేదు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి నా దగ్గర ఉండటమే నాకు బాగుండేది. నాలుగో చలికాలం ఆమె మంచం దిగలేదు. ఆమెను మట్టి చేసిన వారానికి వాళ్ల చెల్లెలు మందార పూల సంచి తెచ్చి నాకు ఇచ్చింది. లోపల బూటు ఉంది. ముడతలు పడకుండా కాగితాలు కుక్కి, బూజు పట్టకుండా వేపనూనె పట్టించి పెట్టింది. ఏడాదికి ఎన్నిసార్లు పట్టించిందో, తోలు మెత్తగా మెరుస్తోంది.

రెండు బూట్లూ ఇప్పుడు నా గది గుమ్మం పక్కన బోర్లించి ఉంటాయి. సెలవులు ఇచ్చినప్పుడు బస్సు పోని ఊళ్ల పిల్లలను నేనే కొండదారిన ఇళ్లకు దిగబెడతాను, వీపున ఆ పూల సంచి వేసుకుని. ఊరు కనబడగానే ఆగిపోతాను. పిల్లలు సిగ్గుపడతారు. "అమ్మా, నీ కేక ఎందుకే? నువ్వని అందరికీ తెలుసులే" అని కొంగు లాగుతారు. నేను వినను. "నేను లచ్చమ్మను! మీ పిల్లలను తెచ్చిన!" అని పిలుస్తాను. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా కాలు ముందుకు వేయను.